స్టాండు కదిలితే చుక్క నిలుచునా?



పల్లెలలోని మన కుటుంబముల వారు కొందరు ఈ మధ్య మమ్మును ఒక ప్రశ్న అడుగుచున్నారు. "అయ్యగారూ, మా అబ్బాయి టెలిస్కోపు కావాలని పట్టుబట్టాడు. మీ డాబా మీద ఒకటి ఉన్నదట గదా, ఏది కొనమంటారు?" అని. ఫోనులో రెండు మాటలలో చెప్పుట మాకు చేతకాలేదు. ఎందుకనగా ఈ సంగతిని మేము పుస్తకములు చదివి నేర్చుకొనలేదు. డబ్బు పోగొట్టుకొని, డబ్బుకంటె విలువైనదానిని కూడ పోగొట్టుకొనబోయి నేర్చుకొన్నాము. కాబట్టి జరిగినది జరిగినట్లుగా ఇక్కడ వ్రాయుచున్నాము.

మేము పుట్టినది ప్రకాశం జిల్లాలోని ఒక మెట్ట పల్లె. వేసవి వచ్చినదంటే వాకిట్లో నులక మంచములు వేసికొని అందరము ఆరుబయట పండుకొనేవారము. మా నాయనమ్మ పిల్లలకోడిని, గొల్లకావిడిని, తెల్లవారుజామున వేగుచుక్కను చూపించేది. పిల్లలకోడి అంటే కృత్తికలనియు, గొల్లకావిడి అంటే మృగశిర దగ్గరి మూడు చుక్కల వరుస అనియు మాకు తరువాత తెలిసినది. యోబు గ్రంథములో కృత్తిక, మృగశీర్షము అను పేర్లు మొదటిసారి చదివినప్పుడు, పరాయి ఊరిలో మన ఊరివారు ఎదురైనట్లు సంతోషము కలిగినది. 1997లో హేల్-బాప్ తోకచుక్క సాయంత్రపు వేళ పడమటి దిక్కున కనిపించినప్పుడు మాకు పదునెనిమిదేండ్లు. దానిని చూచుటకు ఏ పరికరమూ అవసరము లేకపోయెను.

అటువంటి ఆకాశము క్రింద పెరిగిన మేము, వేదాంత విద్యలో డిప్లొమా ముగించుకొని, 2006లో సేవ నిమిత్తము హైదరాబాదు వచ్చాము. మాదాపూరుకు, కొండాపూరుకు మధ్య ఒక సందులో, మూడంతస్తుల మేడ మీద అద్దె హాలులో మా సంఘము కూడుకొనును. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి ఈ చుట్టుపక్కల ఎక్కువగా బండరాళ్ళ గుట్టలే ఉండేవని పాతవారు చెప్పుదురు. ఇప్పుడు ఎటు చూచినను అద్దాల మేడలు, వాటి మీద క్రేన్లు. 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన తెరిచిన తరువాత రంగురంగుల దీపములు కూడ వచ్చినవి. మా సంఘములో కంప్యూటరు ఉద్యోగులు ఉన్నారు, వారి ఇండ్లలో వంట చేయు సోదరీమణులు ఉన్నారు, క్రేన్ల క్రింద ఇటుకలు మోయువారు, రాత్రి కాపలా కాయువారు కూడ ఉన్నారు. వెలుగు వారందరికి అన్నము పెట్టుచున్నది గనుక మేము దానిని నిందించము. కాని అర్ధరాత్రి వేళ కూడ ఇక్కడి ఆకాశము నల్లగా ఉండదు. పలుచని టీ రంగులో ఉండును. ఆ రంగులో చుక్కలు మునిగిపోవును.

2020 డిసెంబరు 21వ తేదీన గురుడు, శని ఆకాశములో ఒకదానిని ఒకటి తాకునంత దగ్గరగా కనబడినవి. 1623 తరువాత అవి ఇంత దగ్గరగా వచ్చుట అదే మొదటిసారి. క్రిస్మస్ పాటలు నేర్చుకొనుటకు వచ్చిన పిల్లలను డాబా మీదికి తీసికొనిపోయి చూపించాము. "తూర్పు దేశపు జ్ఞానులు చూచింది ఇదేనా?" అని ఒక పాప అడిగినది. "క్రీస్తు పూర్వము 7వ సంవత్సరములో ఈ రెండు గ్రహములు మూడుసార్లు దగ్గరకు వచ్చినవని లెక్కలు చెప్పుచున్నవి, ఆ నక్షత్రము అదేనని మాత్రము ఎవరు రూఢిగా చెప్పగలరు?" అన్నాము. అప్పుడు మా పెద్దవానికి పదకొండేండ్లు. వాడు మాత్రము ఏమియు అడుగక చాలసేపు చూచి, "నాన్నా, ఆ రెండింటి మధ్య ఉన్న సందును దగ్గరగా చూడాలని ఉంది" అన్నాడు. ఆ రాత్రి నుండి టెలిస్కోపు మాట మొదలైనది.

మరుసటి సంవత్సరము అక్టోబరులో వాని పుట్టినరోజు వచ్చినది. వాని డిబ్బీలోని చిల్లరకు మేము కొంత కలిపి, నాలుగు వేల రూపాయలు పెట్టి ఒక టెలిస్కోపు కొన్నాము. పెట్టె మీద నక్షత్ర మండలముల రంగుల బొమ్మలు, వాటి క్రింద "675 రెట్లు పెద్దదిగా చూపును" అని పెద్ద అక్షరములు ఉన్నవి. మిగిలిన పెట్టెల మీద ఇంతకంటె చిన్న అంకెలే ఉండుటచేత, ఇదే మంచిదని మేమే చేయి చూపాము. మేము తెలిసి చేసిన ఎన్నిక అది. తెలియక చేసిన తప్పు కూడ అదే.

ఆ రాత్రి గురుడు దక్షిణమున ధగధగ మెరయుచున్నాడు. వాడు గొట్టమును అటు త్రిప్పును; కన్ను పెట్టును; అంతా చీకటి. ఒక గంట తరువాత వెలుగు చుక్క ఒకటి మెరుపు వలె అడ్డముగా పరుగెత్తి పోయినది. మరల వెదకును, దొరకగానే మర బిగించును, బిగించు వ్రేలికే గొట్టము ఊగిపోవును. తల్లి చూచినది, ఏమియు కనబడలేదు. మేము చూచాము, ఏమియు కనబడలేదు. పదింటికి వాడు కన్నులు నులుముకొనుచు, "నా కళ్ళు మంచివి కావేమో" అన్నాడు. మాకు ఆ రోజు అలసట, ఖర్చు పెట్టిన డబ్బు మనసులో మెదలుచున్నది. "కళ్ళకు ఏమీ కాలేదు, నీకు ఓపిక లేదు. ఏ పని పట్టినా ఇంతే" అని కోపపడ్డాము. వాడు మారు మాట్లాడలేదు. నాలుగు రాత్రులు ప్రయత్నించి, అయిదవ రోజున దానిని పెట్టెలో సర్ది, తానే అటక మీద పెట్టినాడు. ఆ తరువాత డాబా ఎక్కినను తల ఎత్తి పైకి చూచుట మానివేసెను. ఎనిమిదవ తరగతిలో మార్కుల పత్రము తెచ్చినప్పుడు, "నాకు సైన్స్ రాదు నాన్నా" అని మామూలు సంగతి వలె చెప్పెను. మేము ఆ రెండు సంగతులను కలిపి చూడలేదు.

2023లో ఈస్టరు ఏప్రిల్ 9వ తేదీన వచ్చినది. ఆ మరునాడు సాయంత్రము చీకటి పడిన తరువాత మా సందులో కరెంటు పోయినది. దూరపు టవర్లలో దీపములు ఆరలేదు గాని మా వీధి మాత్రము నల్లబడినది. గాలి కొరకు అందరము డాబా ఎక్కాము. ప్రక్కన కట్టుచున్న మేడకు కాపలా ఉండు శ్రీకాకుళం పెద్దాయన కూడ వచ్చి కూర్చున్నాడు. ఆయన పడమటి దిక్కు చూచి నిటారుగా లేచి, "అయ్యగారూ, అదిగో పిల్లలకోడి! ఇక్కడికొచ్చి రెండేళ్ళయినాది, ఇప్పుడే కనబడినాది. చుక్క దాని పక్కకే వచ్చినాది చూడండి" అన్నాడు. నిజమే. ఆ దినములలో శుక్రుడు కృత్తికలకు చాల దగ్గరగా నిలిచియుండెను. వరి కుప్పల దగ్గర కాపలా పడుకొన్న రాత్రులలో గొల్లకావిడి ఎంత ఎక్కినదో చూచి పొద్దు తెలిసికొనేవాడినని ఆయన చెప్పసాగెను. మా వాడు మెల్లగా ఆయన ప్రక్కకు చేరి, "తాతా, మా అటక మీద టెలిస్కోపు ఉంది. కాని నాకు చేతకాదు" అన్నాడు.

ఆ మాట మా గుండెలో తగిలినది. ఒక రాత్రి మేము అలసటతో అన్నమాట, రెండేండ్లుగా వాని లోపల వాని పేరైపోయినది.

టెలిస్కోపును దించాము. పెద్దాయనకు అద్దముల సంగతి ఏమియు తెలియదు. ఆయన మొదట చేసిన పని, స్టాండు కాలును వ్రేలితో తట్టి చూచుట. గొట్టము కొంతసేపు వణికి ఆగినది. "కర్ర ఊగిపోతుంటే గురెలా కుదురుతాది బాబూ? తప్పు నీది కాదు, దీనిది" అని, క్రిందికి పోయి ఒక గోనె సంచిలో ఇసుక పోసి తెచ్చి, మూడు కాళ్ళ నడుమ వ్రేలాడగట్టినాడు. వణకు సగము పోయినది. పెట్టెలోని కటకములలో అన్నిటికంటె తక్కువ పెద్దదిగా చూపుదానిని తగిలించి, కృత్తికల వైపు త్రిప్పాము. ఈ మారు వాని కన్ను గొట్టమును విడువలేదు. "నాన్నా, ఆరు కాదు... చాలా ఉన్నాయి" అన్నాడు. అంతలో కరెంటు వచ్చినది. అయినను ఆ రాత్రి మాకు ఒక సంగతి అర్థమైనది. మంచి పనిముట్టు ఇవ్వనప్పుడు పిల్లవాడు పనిముట్టును అనుమానించడు, తనను తానే అనుమానించుకొనును.

తరువాతి ఆదివారము మా సంఘములో ఈ విద్య ఎరిగిన ఒక యువ సోదరుడు, గచ్చిబౌలిలో కంప్యూటరు ఉద్యోగి, మా వానిని కూర్చుండబెట్టి లెక్క చెప్పినాడు. మేమును ప్రక్కన కూర్చుండి విన్నాము. ఆ లెక్క కష్టమైనది కాదు గనుక మీకును చెప్పుచున్నాము.

టెలిస్కోపు ముందు భాగములో ఉండు కటకముగాని, వెనుక అడుగున ఉండు అద్దముగాని కాంతిని ఒక చోటికి చేర్చును. అది ఎంత దూరములో చేర్చునో ఆ దూరమును నాభ్యంతరము అందురు. కంటి దగ్గర పెట్టుకొను చిన్న కటకమును ఐపీస్ అందురు. దానికి కూడ నాభ్యంతరము ఉండును. మొదటి దానిని రెండవ దానితో భాగించినచో ఎన్ని రెట్లు పెద్దదిగా కనబడునో వచ్చును. మా టెలిస్కోపు నాభ్యంతరము 900 మిల్లీమీటర్లు. 20 మిల్లీమీటర్ల ఐపీస్‌తో 45 రెట్లు. 4 మిల్లీమీటర్లదానితో 225 రెట్లు. దానికి మూడు రెట్లు చేయు బార్లో కటకమును జత చేసినచో 675 రెట్లు. పెట్టె మీది అంకె అలా వచ్చినది. లెక్క అబద్ధము కాదు, కాని ప్రయోజనము లేదు. ముందు కటకము వెడల్పు మిల్లీమీటర్లలో ఎంతయో దానికి రెండింతలు మించి పెద్దది చేసినచో, బొమ్మ పెద్దదగును గాని స్పష్టత పెరుగదు, మసక మాత్రమే పెరుగును. మాది 60 మిల్లీమీటర్లది; దానికి హద్దు 120 రెట్లు. కొద్దిపాటి పిండిని రొట్టె పెద్దదగుటకు మరీ సాగదీసినచో చిరిగిపోవును గదా, అలాగే.

కాబట్టి కొనునప్పుడు మొదట అడుగవలసినది ఎన్ని రెట్లు అని కాదు, ముందు కటకము లేక అద్దము వెడల్పు ఎంత అని. చీకటిలో మన కంటి పాప సుమారు 7 మిల్లీమీటర్లు తెరచుకొనును. 50 మిల్లీమీటర్ల కటకము దానికి సుమారు 50 రెట్లు కాంతిని పట్టును. 130 మిల్లీమీటర్ల అద్దము 340 రెట్లకు పైగా పట్టును. 60 మిల్లీమీటర్లదానికంటె 130 మిల్లీమీటర్లది రెండింతలే వెడల్పు అనిపించును గాని, కాంతిని నాలుగున్నర రెట్లకు మించి పట్టును. వాన నీటికి చెంబు పెట్టుటకు, గంగాళము పెట్టుటకు ఉన్న భేదమే ఇది.

రెండవది స్టాండు. అద్దమునకు పెట్టిన శ్రద్ధ స్టాండుకు పెట్టకపోతే అంతా వ్యర్థమే. ఇందులో మనవంటి వారికి మేలు చేసిన వ్యక్తి జాన్ డాబ్సన్. ఆయన 1915లో చైనాలో పుట్టి, అమెరికాలోని సాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ఆశ్రమములో సన్యాసిగా ఉండెను. చేతిలో డబ్బు లేదు. ఓడ కిటికీల గాజును అరగదీసి అద్దములు చేసికొని, చెక్క పెట్టెలో గొట్టమును ఫిరంగి వలె కూర్చోబెట్టి, ప్రక్కలకు, పైకి క్రిందికి మాత్రము తిరుగునట్లు అమర్చెను. 1967లో ఆశ్రమము విడిచిన తరువాత వీధి మూలలలో నిలుచుండి దారిన పోవువారికి చంద్రుని చూపించెను. 2014లో ఆయన మరణించెను. ఆ అమరికను నేడు డాబ్సోనియన్ అందురు. సన్నని మూడు కాళ్ళ స్టాండు కంటె ఈ చెక్క పీఠము ఎంతో నిలకడ గలది, మరమ్మతు తక్కువ, ధర కూడ అందుబాటు.

హైదరాబాదులో ఈ విద్యకు పాత చరిత్ర ఉన్నది. 1901లో నవాబు జఫర్ జంగ్ గారు తన సొంత ఆసక్తితో ఆరంభించిన నిజామియా వేధశాల తరువాత బేగంపేటకు మారినది. అందులో 15 అంగుళముల దుర్భిణి ఉండెను. నగరపు వెలుగు పెరిగిన కొలది పెద్ద దుర్భిణులకు దూరపు చీకటి అవసరమైనది. ఉస్మానియా విశ్వవిద్యాలయము వారి 48 అంగుళముల దుర్భిణి 1968లో, నేడు రంగారెడ్డి జిల్లాగా ఉన్న వైపున, రంగాపూరు గ్రామము దగ్గర వెలసినది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినప్పుడు దానిని అక్కడి నుండి పరిశీలించిరి. ఇంకొక సంగతి మా వానికి మరీ నచ్చినది. నిజామియా వేధశాలలో పని చేసిన ఒక ఉద్యోగి కుమారుడు తండ్రి వెంట దుర్భిణుల నడుమ పెరిగి, నిజాం కళాశాలలో చదివి, 1949లో ఒక తోకచుక్కను కనుగొన్నాడు. ఆయనే వేణు బాపు. తమిళనాడులోని కావలూరులో ఉన్న 2.34 మీటర్ల దుర్భిణికి ఆయన పేరే పెట్టిరి. "వాళ్ళ నాన్న ఆయనకి మంచి టెలిస్కోపే చూపించి ఉంటాడు" అన్నాడు మా వాడు. నవ్వుచు అన్నాడు గాని మేము నవ్వలేకపోయాము.

ఇక కొనుటకు డబ్బు. సేవకుని ఇంటికి టెలిస్కోపు ఏమిటి అని సంఘములో ఎవరైనా అనుకొందురేమోనని పిల్లల తల్లి భయపడినది. ఆమె భయము న్యాయమైనదే. చివరకు ఆమెయే మార్గము చెప్పినది. "మన ఇంట్లో పెట్టవద్దండీ. గుడి డాబా మీద పెట్టండి. నెలకొక శనివారము పిల్లలందరూ చూడనీయండి. డబ్బు మాత్రము నా చీటీ సొమ్ము" అన్నది. అలాగే నిశ్చయించాము.

సోదరుని సలహా ప్రకారము మొదట టెలిస్కోపు కొనలేదు. 10x50 బైనాక్యులర్స్ కొన్నాము. పదిరెట్లు పెద్దదిగా చూపును, 50 మిల్లీమీటర్ల కటకములు గలది. మోచేతులు పిట్టగోడకు ఆనించి చూచినచో చేతి వణకు తగ్గును. ఆరు నెలల పాటు దానితోనే దారులు నేర్చుకొన్నాడు. ఏ చుక్క ఏ నెలలో ఎక్కడ ఉండునో తెలియనిదే టెలిస్కోపు ఎంత పెద్దదైనను ఊరి పేరు తెలియని వానికి రైలు టికెట్టు ఇచ్చినట్లే. స్టెల్లేరియం అను ఉచిత ప్రోగ్రాము ఫోనులో పెట్టుకొనినచో ఆకాశపు పటము అందులోనే ఉండును. ఆ బైనాక్యులర్స్‌తో గురుని నాలుగు ఉపగ్రహములు కనబడెను. గెలీలియో 1610 జనవరిలో చూచినవి అవే.

అప్పుడు, 2023 నవంబరులో, బల్ల మీద పెట్టుకొను చిన్న డాబ్సోనియన్ కొన్నాము. 130 మిల్లీమీటర్ల అద్దము, 650 మిల్లీమీటర్ల నాభ్యంతరము. దానితో వచ్చిన ఐపీస్‌లు రెండు: 25 మిల్లీమీటర్లదానితో 26 రెట్లు, 10 మిల్లీమీటర్లదానితో 65 రెట్లు. తరువాత రెండు రెట్లు చేయు బార్లో ఒకటి కొన్నాము. దానితో 130 రెట్లు. ఇంతకు మించి మాకు అవసరము పడలేదు. మిగిలిన సామగ్రి చాలవరకు ఇంటిదే. టార్చిలైటుకు ఎర్ర కాగితము చుట్టాము, ఎర్ర వెలుగు చీకటికి అలవాటుపడిన కంటిని చెరుపదు. గురి చూచుటకు ఎర్ర చుక్క వచ్చు చిన్న పరికరము దానితోనే వచ్చినది. దూరపు క్రేను చివర దీపమును గొట్టము నడుమకు తెచ్చి, ఎర్ర చుక్కను కూడ దాని మీదికే సరిచేసినచో ఆ తరువాత గురి తప్పదు. మా మొదటి రాత్రి ఈ పని చేయలేదు గనుకనే గురుడు దొరకలేదు. వానాకాలములో అద్దమునకు బూజు పట్టకుండ సిలికా జెల్ పొట్లములు వేసి మూయవలెను. అద్దము మీద ధూళి పడినదని గుడ్డతో తుడువకూడదు. గీతలు ధూళికంటె చెరుపు. అప్పుడప్పుడు అద్దములు ఒకదానికొకటి సూటిగా ఉన్నవో లేవో మరలు త్రిప్పి సరిచూడవలెను. పుస్తకములో పద్ధతి ఉండును.

ఒక హెచ్చరిక మాత్రము రెండుసార్లు చదువుడని వేడుకొనుచున్నాము. మా మొదటి పెట్టెలో ఐపీస్‌కు తగిలించు చిన్న నల్ల అద్దము ఒకటి ఉండెను. దాని మీద "సన్" అని వ్రాసియున్నది. దానితో సూర్యుని చూడవచ్చునని మేమును అనుకొన్నాము. ఆ సోదరుడు దానిని చూడగానే నేల మీద పెట్టి రాతితో పగులగొట్టినాడు. గొట్టములో ఒకచోటికి చేరిన ఎండ వేడికి ఆ అద్దము ఉన్నట్టుండి పగిలినచో, రెప్పపాటులో కన్ను పోవును. సూర్యుని చూడవలెనంటే గొట్టము ముందు వైపున, అంతటిని కప్పుచు బిగించు సరియైన ఫిల్టరు ఉండవలెను. అది లేకుండ పగటివేళ టెలిస్కోపును పిల్లల చేతికి ఒంటరిగా ఇవ్వకండి. మీ ఇంట్లో అటువంటి నల్ల అద్దము ఉన్నచో ఈ దినమే పారవేయుడి.

2023 డిసెంబరు మొదటి వారములో, చంద్రుడు లేని ఒక సాయంత్రము, దానిని డాబా మీదికి ఎక్కించాము. కాంక్రీటు పగటి వేడిని వదలుచుండును గనుక అరగంట చల్లారనిచ్చాము. వీధి దీపము కంటిలో పడకుండ దండెము మీద దుప్పటి కట్టాము. నైరుతి దిక్కున శని. మా వాడు ఎర్ర చుక్కతో గురి కుదిర్చి, మొదట 26 రెట్లతో పట్టి, తరువాత 65 రెట్లు తగిలించినాడు. కన్ను పెట్టి ఉలుకు పలుకు లేక నిలుచుండెను. మేము అడిగిన మీదట ప్రక్కకు జరిగి చోటిచ్చెను. చూచాము. చిన్న పసుపు గింజ. దాని నడుమ నుండి రెండు వైపులకు సన్నని ఉంగరము. పుస్తకములో వేయిసార్లు చూచిన బొమ్మయే. కాని ఇది బొమ్మ కాదు. అది కదలక నిలిచియున్నది.

అప్పుడు మేము వాని భుజము మీద చేయి వేసి, "ఆ రాత్రి నిన్ను ఓపిక లేదని అన్నాము. ఓపిక లేనిది మాకు. తప్పు నీది కాదు" అన్నాము. తండ్రి బిడ్డకు ఈ మాట చెప్పుట సులువు కాదు. పులిపీఠము మీద అందరికి చెప్పు మాట, డాబా మీద ఒక్కనికి చెప్పుటకు నోరు రాదు. వాడు ఏమియు అనలేదు. "తాతను పిలవనా?" అని మాత్రము అడిగి, మెట్లు రెండేసి చొప్పున దిగిపోయినాడు.

పెద్దాయన చూచి, తల ఎత్తి ఉత్త కంటితో ఆ చుక్కను చూచి, మరల గొట్టములో చూచెను. "ఇన్నాళ్ళూ ఉంగరమెట్టుకునే ఉన్నాడా ఈయన!" అన్నాడు. ఆ రాత్రి గురుని చారలు, పిల్లలకోడి, తూర్పున లేచిన గొల్లకావిడి క్రింద మసక మబ్బు వంటి నెబ్యులాను కూడ చూచాము. పెద్దాయన సంక్రాంతికి ఊరికి పోయి మరల రాలేదు. ఊరి నుండి ఫోను చేసి, "బాబూ, ఇక్కడ అన్నీ ఉన్నాయి, నువ్వే లేవు" అని మా వానితో అన్నాడట.

హైటెక్ సిటీలో ఏమి కనబడును, ఏమి కనబడదు అనునది కూడ దాచక చెప్పవలెను. చంద్రుడు, గ్రహములు, జంట నక్షత్రములు, కొన్ని నక్షత్ర గుంపులు బాగుగా కనబడును. చంద్రుని పున్నమి నాటికంటె సగము ఉన్న దినములలో చూడుడి. వెలుగు నీడల సరిహద్దులో గుంటలు, కొండలు లేచి నిలుచును. పాలపుంత ఇక్కడ కనబడదు. దూరపు నక్షత్ర మండలములు, పెట్టె మీద రంగులలో అచ్చువేసినవి, ఎంత పెద్ద టెలిస్కోపు కొన్నను ఈ టీ రంగు ఆకాశములో మసక మరకలే. పరికరము చుక్కల వెలుగుతో పాటు నగరపు వెలుగును కూడ పట్టును. 2024 వేసవిలో మేము మా పల్లెకు ఆ టెలిస్కోపును బస్సులో ఒడిలో పెట్టుకొని తీసికొనిపోయాము. తెల్లవారుజామున పాలపుంత మా ఇంటి కప్పు మీదుగా పరచుకొనియుండగా, మా వాడు టెలిస్కోపు మూత కూడ తీయక చాలసేపు మంచము మీద వెల్లకిల పండుకొని చూచెను.

కాబట్టి పల్లెలలోని మన వారికి మా మాట ఇది. నగరములో వేల రూపాయలు పెట్టినను కొనలేని చీకటి మీ వాకిట్లో ఉన్నది. తొందరపడకండి. మొదటి మూడు నెలలు ఉత్త కన్నులు చాలును. ఇంట్లో పెద్దవారు ఎవరైనా చుక్కల పేర్లు ఎరిగియుంటే వారిని అడుగుడి, వారు పోయిన తరువాత ఆ పేర్లు దొరకవు. తరువాత 10x50 బైనాక్యులర్స్. బిడ్డ ఆశ అప్పటికిని చల్లారకున్నచో, 100 లేక 130 మిల్లీమీటర్ల అద్దము గల, గట్టి పీఠము గల టెలిస్కోపు. పెట్టె మీద రెట్ల అంకె ఎంత పెద్దదిగా ఉన్నదో అంతగా అనుమానించుడి. ఒక కుటుంబమునకు భారమైనచో బడివారో, సంఘమువారో, నాలుగు ఇండ్లవారో కలిసి కొనుడి. ఇప్పటికే చిన్నది కొని అటక మీద పెట్టినవారు దానిని దించి, ఇసుక సంచి కట్టి, అన్నిటికంటె ఎక్కువ అంకె గల ఐపీస్ తగిలించి, చంద్రునితో మొదలుపెట్టుడి.

మా పెద్దవాడు ఇప్పుడు ఇంటర్మీడియట్‌లో ఎం.పి.సి. చదువుచున్నాడు. ఏమగునో మాకు తెలియదు. ఏమగుమని మేము అడుగుట లేదు. నెలకొక శనివారము చిన్న పిల్లలకు వాడే చూపించును. క్యూలో ఎవరైనా "నాకేమీ కనబడట్లేదన్నా" అని అన్నప్పుడు, వాడు ఆ పిల్లవానిని ఏమియు అనడు. వంగి, మొదట పీఠమును వ్రేలితో కదిపి చూచును.

తల్లిదండ్రులారా, బిడ్డను మందలించుటకు ముందు మీరును అలాగే ఒకసారి కదిపి చూడుడి.